యువతుల కాలేయంపై టెస్టోస్టెరాన్ నీడ

నెలసరి తప్పుతోందని వచ్చిన యువతికి అండాశయాల స్కానింగ్ రాస్తారు, థైరాయిడ్ చూస్తారు. కాలేయం సంగతి మాత్రం చాలాసార్లు ఎవరికీ గుర్తు రాదు. గుర్తు రావాలన్నదే నా వాదన.

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. చాలామందిలో అది అక్కడితో ఆగుతుంది. కొందరిలో మాత్రం కణాలు దెబ్బతిని, మచ్చలు పడి కాలేయం గట్టిపడుతుంది. దీన్నే ఫైబ్రోసిస్ అంటారు, ముదిరితే సిర్రోసిస్. మెనోపాజ్‌కు ముందు స్త్రీలకు ఈ ముప్పు పురుషులకంటే తక్కువ. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ కొవ్వును పొట్ట లోపల కాకుండా తొడలు, తుంటి వైపు మళ్లిస్తుంది, మచ్చలు పడే వేగాన్ని కూడా తగ్గిస్తుంది. అందుకే యువతులకు భయం లేదన్న ధీమా ఏర్పడింది.

పురుష హార్మోన్‌గా పేరున్న టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్న యువతుల విషయంలో ఈ ధీమా చెల్లదు. స్త్రీ శరీరంలోనూ ఈ హార్మోన్ కొద్దిగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగాన్ని ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ రక్తంలో పట్టి ఉంచుతుంది. దాన్ని తయారుచేసేది కాలేయమే. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఈ ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. పట్టి ఉంచేది తగ్గడంతో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. పైగా అధిక ఇన్సులిన్ అండాశయాల చేత ఆ హార్మోన్‌ను ఇంకా ఎక్కువ తయారుచేయిస్తుంది. అది పొట్టలో కొవ్వును పెంచితే ఇన్సులిన్ పనితీరు మరింత దెబ్బతింటుంది. ఇలా ఒక దోషం మరొకదాన్ని పెంచుతూ పోతుంది.

హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతిని నెలసరి తప్పే సమస్య పీసీఓఎస్. అది ఉన్నవారిలో జరిగేది చాలావరకు ఇదే. ఫ్యాటీ లివర్ ఉన్న యువతుల కాలేయం నుంచి పరీక్ష కోసం తీసిన చిన్న ముక్కలను (బయాప్సీ) పరిశీలించినప్పుడు, స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్నవారిలో వాపు, మచ్చలు కూడా ఎక్కువగా కనిపించాయి. యవ్వనంలో ఈ హార్మోన్ ఎక్కువగా ఉన్నవారికి నడివయసులో ఫ్యాటీ లివర్ రావడం ఎక్కువని, పీసీఓఎస్ లేనివారిలోనూ ఈ సంబంధం ఉందని దీర్ఘకాల పరిశీలనలో తేలింది. సంబంధం కనిపించినంత మాత్రాన హార్మోనే కారణమని రుజువైనట్లు కాదు. అయినా ముందుగా పరీక్షించడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

పరీక్షల్లోనూ ఒక చిక్కుంది. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైమ్ మామూలుగా ఉన్నా జబ్బు లేదని చెప్పలేం. మచ్చలను అంచనా వేసే ఫిబ్-4 లెక్కలో వయసూ ఒక అంశం కాబట్టి, 35 ఏళ్లలోపు వారిలో అది అంత నమ్మకంగా పనిచేయదు. అనుమానం ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో నేరుగా కొలిచే ఎలాస్టోగ్రఫీ గురించి వైద్యులను అడగడం మేలు.