పడుకోనివ్వని కాళ్ళు

మా అవ్వకు రాత్రి భోజనం కాగానే ఒక పని ఉండేది. పాత నూలు చీర నుంచి చించిన రెండు పీలికలు తీసుకుని, మోకాళ్ళ కింద నుంచి చీలమండల దాకా పిక్కలకు గట్టిగా చుట్టుకునేది. అప్పటికీ కుదరకపోతే నన్ను పిలిచేది. "పాపా, కొంచేపు కాళ్ళు తొక్కుమే. లోపల చీమలు పారినట్టుండాది." నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. గోడ పట్టుకుని ఆమె పిక్కల మీద మెల్లగా అడుగులేసేదాన్ని. తొక్కినంతసేపు ప్రాణానికి హాయిగా ఉందనేది. నేను దిగిన ఐదు నిమిషాలకు మళ్ళీ కాళ్ళు ముడుచుకోవడం, చాపుకోవడం, లేచి కూర్చోవడం. చిత్తూరు దగ్గర మా పల్లెలో, నడిరాత్రి మెలకువ వస్తే, పంచలో ఆమె అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపించేది. పగలంతా చేలో వంగి పనిచేసే మనిషి, ఒళ్ళు నొప్పులులే అనుకున్నాం అందరం.

ముప్ఫై ఏళ్ళు గడిచాక తిరుపతిలో నా కాళ్ళూ అదే పని మొదలుపెట్టాయి. నేను ఏ చేలోనూ వంగలేదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది.

దీన్ని వైద్యులు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. తెలుగులో దీనికి అందరూ వాడే పేరంటూ లేదు. కాళ్ళు లాగుతున్నాయంటాం, పీకుతున్నాయంటాం, గుంజుతున్నాయంటాం, జివజివలాడుతున్నాయంటాం. ఇన్ని మాటలున్నా డాక్టర్ ఎదురుగా కూర్చుని "ఏమ్మా, నొప్పా?" అని అడిగించుకోగానే "అవును సార్, నొప్పే" అనేస్తాం. అక్కడే దారి తప్పుతుంది. నొప్పి అన్నాక నొప్పి మాత్ర వస్తుంది. నాకు రెండేళ్ళు అలాగే గడిచాయి. మధ్యలో ఒకచోట టెన్షన్ వల్ల అన్నారు, ఇంకోచోట కాల్షియం తక్కువన్నారు. నా బాధ నొప్పి కాదు. కాలు కదపకుండా ఉండలేకపోవడం. కదపకపోతే లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టుండడం.

గుర్తుపట్టడానికి స్కానింగులు అక్కర్లేదు, అడగాల్సిన ప్రశ్నలు అడిగితే చాలు. కాళ్ళు కదిలించాలన్న తపన ఆపుకోలేనంతగా వస్తుందా? కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో మొదలవుతుందా, లేదా అప్పుడే ముదురుతుందా? లేచి నడిస్తే, కనీసం నడిచినంతసేపు, తగ్గుతుందా? సాయంత్రం నుంచి రాత్రికి ఎక్కువవుతుందా? నాలుగింటికీ అవునన్న జవాబు వచ్చి, దానికి వేరే కారణమేదీ లేకపోతే ఇది అదే.

మా ఊరివాళ్ళకు తేడా చెప్పడం సులువు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు వెళ్ళొచ్చిన రాత్రి ఎవరికైనా పిక్కలు పచ్చిపుండులా ఉంటాయి. పడుకుంటే ఆ బాధ నెమ్మదిస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది పూర్తిగా తిరగబడిన వ్యవహారం. మెట్లెక్కుతున్నంతసేపు ఏమీ ఉండదు, పైన సత్రంలో నడుం వాల్చగానే మొదలవుతుంది. పిక్క పట్టేయడం కూడా వేరే. అందులో కండ రాయిలా గట్టిపడుతుంది, చేత్తో తాకితే తెలుస్తుంది, కాసేపటికి వదులుతుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళకు అరికాళ్ళు మంటలు, మొద్దుబారడం ఉంటాయి. నడిచినంత మాత్రాన అవి పోవు. అయితే ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, అందుకే షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఇది సులభంగా మరుగున పడిపోతుంది.

ఈ బాధ కొత్తది కాదు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే లాటిన్‌లో దీన్ని వర్ణించాడు. మంచమెక్కగానే కాళ్ళూ చేతులూ ఎగిరెగిరిపడి, చిత్రహింసల కొట్టంలో ఉన్నవాళ్ళలా నిద్రకు దూరమయ్యే రోగుల గురించి రాశాడు. తర్వాత పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్-ఆక్సెల్ ఎక్‌బామ్ దీని మీద పుస్తకమే రాసి, ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టాడు. ఆ ఇద్దరి పేర్లూ కలిపి విల్లిస్-ఎక్‌బామ్ జబ్బు అని కూడా అంటారు. అయితే నన్ను ఎక్కువ కదిలించింది మూడో మనిషి కథ. అదే స్వీడన్‌లో నోర్డ్‌లాండర్ అనే వైద్యుడు ఇలాంటి రోగులకు నరం ద్వారా ఇనుము ఎక్కించి చూశాడు. చాలామందికి కాళ్ళు నెమ్మదించాయి. రక్తంలో ఇనుము బాగానే ఉన్నా శరీరంలో ఇంకెక్కడో కొరత ఉండొచ్చని ఆయన అప్పుడే ఊహించాడు. అది 1953. ఆ మాట దశాబ్దాల పాటు అలమారాలోనే ఉండిపోయింది.

ఆయన ఊహ నిజమే. ఆ ఇంకెక్కడో అన్న చోటు మెదడు. 2001లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రత్యేకమైన ఎంఆర్ఐతో చూస్తే, ఈ బాధ ఉన్నవాళ్ళ మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో ఇనుము తక్కువగా కనబడింది. చనిపోయాక మెదళ్ళు దానం చేసినవాళ్ళ కణజాలాన్ని పరీక్షించినప్పుడూ అదే తేలింది. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో లాగా అక్కడి కణాలు చనిపోలేదు, వాటికి ఇనుము మాత్రం చాలలేదు. ఈ సంగతి చదివినప్పుడు నా గుండె మీంచి బరువు దిగింది. ఇది ముదిరి పార్కిన్సన్స్ అవుతుందేమోనని ఎవరికీ చెప్పకుండా భయపడుతూ ఉన్నాను మరి.

ఇనుముకీ కాళ్ళకీ ఏమిటి సంబంధం? మన కదలికలను అదుపులో ఉంచే రసాయనాల్లో డోపమిన్ ముఖ్యమైనది. దాన్ని తయారుచేసే ఎంజైముకు ఇనుము కావాలి. ఇనుము తగ్గితే డోపమిన్ లెక్క తప్పుతుంది. పైగా డోపమిన్ పనికి రోజులో ఎగుడుదిగుళ్ళుంటాయి, పొద్దుగూకాక అది తగ్గుముఖం పడుతుంది. రక్తంలోని ఇనుమూ పొద్దున ఉన్నంత రాత్రికి ఉండదు. పగలు మామూలుగా ఉన్న మనిషిని సరిగ్గా పక్క వేసే వేళకు ఈ బాధ పట్టుకోవడంలో ఈ ఎగుడుదిగుళ్ళ పాత్ర ఉంది. వంశపారంపర్యమూ ఉంది. 2007లో మెయిస్-1, బీటీబీడీ-9 అనే జన్యువుల్లోని తేడాలకు దీనితో సంబంధం ఉందని బయటపడింది. అవ్వ నుంచి నాకు వచ్చింది పట్టుచీర ఒక్కటే కాదన్నమాట.

ఇక అసలు చెప్పాలనుకున్న మాటకు వస్తాను. రక్తం బాగానే ఉందని చెప్పించుకుని తిరిగొచ్చినవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవాలి.

నా హిమోగ్లోబిన్ 12.4. ఆడవాళ్ళకు 12 దాటితే రక్తహీనత లేనట్టే లెక్క. అందుకే ఎవరూ ముందుకు వెళ్ళలేదు. చివరికి ఒక నరాల డాక్టరమ్మ, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాసింది. రిపోర్టులో 18 అని వచ్చింది. పక్కన ల్యాబ్ వాళ్ళు అచ్చువేసిన మామూలు హద్దు పదమూడు నుంచి మొదలవుతోంది, కాబట్టి ఆ అంకె కింద ఎర్రగీత లేదు, నక్షత్రం గుర్తు లేదు. నేనైతే ఆనందంగా మడిచి సంచిలో పెట్టుకునేదాన్నే. ఆమె పెన్నుతో ఆ 18 చుట్టూ సున్నా చుట్టి, ఈ బాధ ఉన్నవాళ్ళకు 75 దాటాలమ్మా అంది.

హిమోగ్లోబిన్ అంటే ఈ పూట పొయ్యి మీదున్న సంగటి అనుకోండి. ఫెరిటిన్ గాదెలో మిగిలిన రాగుల లెక్క చెబుతుంది. గాదె అడుగంటుతున్నా ఇంకొన్నాళ్ళు పొయ్యి మీద సంగటి ఉడుకుతూనే ఉంటుంది, బయటివాళ్ళకు ఏమీ తెలియదు. పెద్దవాళ్ళలో ఫెరిటిన్ మిల్లీలీటరు రక్తానికి 75 నానోగ్రాములు, అంతకు తక్కువగా ఉన్నా, రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే లెక్క 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వాలని ఈ జబ్బు నిపుణులు చెబుతున్నారు. పొద్దునే రక్తం ఇవ్వాలి, ముందురోజు ఐరన్ మాత్ర వేసుకోకూడదు. జ్వరమో వాపో ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధపు ఎత్తు చూపిస్తుంది, అందుకే రెండు లెక్కలూ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పొయ్యి మీదే ఇంత కొరత ఉన్నప్పుడు గాదెల సంగతి చెప్పాలా?

అలాగని షాపుకెళ్ళి ఐరన్ మాత్రలు కొనుక్కోకండి. తలసీమియా లాంటివి ఉన్నవాళ్ళకు ఇనుము ఎక్కువైనా ప్రమాదమే. తగ్గిందంటే ఎందుకు తగ్గిందో తెలియాలి. నాకు నెలసరిలో ఎక్కువగా పోవడం కారణం. మగవాళ్ళలో, ముట్లుడిగిన ఆడవాళ్ళలో తగ్గితే మొలల జబ్బో, కడుపులో పుండో, పేగుల్లో ఇంకేదైనానో చూడాల్సిందే. మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. పాలతో, కాఫీ, టీలతో వేసుకుంటే సగం వృథా. ఇది వినగానే నాకు అర్థమైంది, పొద్దున మాత్ర, వెంటనే ఫిల్టర్ కాఫీ అనే నా అలవాటు ఎంత చేటు చేసిందో. సాయంత్రం కాఫీ కూడా మానేశాను, కొందరికి కెఫీన్ కాళ్ళను ఇంకా రెచ్చగొడుతుంది. సంగటి, మునగాకు, బెల్లం తింటే చాలదా అని మా అత్తమ్మ అడిగింది. అవన్నీ మంచివే, కానీ రాగుల్లో, ఆకుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. వేటమాంసం, కార్జం తినేవాళ్ళకు కొంత మేలు. అయినా ఖాళీ గాదెను తిండి ఒక్కటే నింపాలంటే చాలా కాలం పడుతుంది. మాత్రలు పడనివాళ్ళకు, ఎంత మింగినా అంకె పెరగనివాళ్ళకు నరం ద్వారా ఎక్కిస్తారు, నోర్డ్‌లాండర్ చేసినట్టే.

ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. నిద్ర పట్టడం లేదని నేను మందుల షాపులో అడిగి జలుబు మాత్ర తెచ్చుకున్నాను, మత్తుగా ఉంటుందని. ఆ రాత్రి నా కాళ్ళు చేసిన గోల ఇంకెప్పుడూ చేయలేదు. మత్తు కలిగించే జలుబు, ఎలర్జీ మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కు వాడే చాలా మందులు ఈ బాధను పెంచుతాయి. కళ్ళు మూతలు పడతాయి, కాళ్ళు పడుకోవు. అంతకంటే నరకం లేదు. డిప్రెషన్ మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించుకోండి.

గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇది చాలా మామూలు. కాన్పయ్యాక ఎక్కువమందికి తగ్గిపోతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు మాత్రం పెద్ద పరీక్షే. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి మరి.

ఇనుము సరిపోయినా బాధ తగ్గకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మందులున్నాయి. ఒకప్పుడు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ ముందు రాసేవాళ్ళు. మొదట్లో మంత్రం వేసినట్టు పనిచేస్తాయవి. ఏళ్ళు గడిచేకొద్దీ రాత్రి రావలసిన బాధ మధ్యాహ్నానికే రావడం, చేతులకు పాకడం, డోసు పెంచితే ఇంకా ముదరడం చాలామందిలో చూశారు. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ప్రచురించిన మార్గదర్శకాల్లో వాటిని మామూలుగా వాడొద్దంది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఉన్నపళంగా ఆపకూడదు.

రాత్రుళ్ళు గడపడానికి నాకు పనికొచ్చినవి చెబుతాను. కాళ్ళు మొదలుపెట్టాక మంచం మీద పోట్లాడటం మానేశాను, ఎంత ఓర్చుకుంటే అంత ఎక్కువవుతుంది. లేచి గోడకు చేతులానించి, మడమ నేలకు నొక్కి, పిక్క సాగదీస్తాను. ఒక బక్కెట చన్నీళ్ళు మోకాళ్ళ నుంచి పోసుకుంటాను, కొందరికి వేడినీళ్ళు పడతాయి. మిద్దె మీద పది నిమిషాలు నడుస్తాను, ఘాట్ రోడ్డు దీపాలు కొండ మీద గీతలా కనిపిస్తుంటాయి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చేతికి, బుర్రకి పని పెట్టడం. పూలు కడుతున్నంతసేపు, ఒక్కో మూర దాటేదాకా, కాళ్ళ ఊసే ఉండదు. బుర్ర దేనిలోనైనా మునిగితే ఈ బాధ వెనక్కి తగ్గుతుందని వైద్యులూ చెబుతారు. అవ్వ పీలికల సంగతీ ఉత్తది కాదు. ఇప్పుడు కాళ్ళకు గాలి తొడుగులు చుట్టి నొక్కే యంత్రాలు ఈ బాధకు వాడుతున్నారు, కొందరికి సుఖమిస్తాయి. నారాయణాద్రిలో హైదరాబాద్ వెళ్ళాలంటే కింది బెర్తే తీసుకుంటాను, నడిరాత్రి లేచి తిరగడానికి.

కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రం అని మన ఇళ్ళలో అంటారు. నన్నూ అన్నారు, బడిలో, పెళ్ళిపందిట్లో, అత్తగారింట్లో. పిల్లలకూ ఈ బాధ ఉంటుంది. వాళ్ళు దీన్ని చెప్పుకోలేరు, ఊపుతారు. అరిచే ముందు ఒక్కసారి, కాళ్ళు ఎలా ఉన్నాయిరా అని అడగండి.

నా ఫెరిటిన్ 81కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పూర్తిగా పోలేదు. వారంలో ఆరేడు రాత్రులు ఉండేది, ఇప్పుడు ఒకటో రెండో.

మొన్న తిరుమలలో దర్శనానికి కంపార్టుమెంటులో కూర్చున్నాం. గంటలు గడుస్తున్నాయి. నేను గోడవారగా నిలబడి మడమలు ఎత్తి దించుతున్నాను. నా పక్కన ఒక అవ్వ, తువ్వాలు రెండుగా చించి పిక్కలకు చుట్టుకుంటోంది. "నొప్పా అవ్వా?" అన్నాను. "నొప్పేనమ్మా" అంది. కాసేపాగి, "నొప్పంటే నొప్పి గాదులే పాపా, ఉండనీదు" అంది. పక్కన కూర్చుని, పడుకుంటే వస్తుందా, నడిస్తే పోతుందా అని అడిగాను. అన్నిటికీ తలూపింది. వాళ్ళ మనవడి దగ్గర కాగితం తీసుకుని ఫెరిటిన్ అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. దాన్ని కూడబలుక్కుని చదివి, "ఇది మాత్ర పేరా?" అంది.

"కాదవ్వా, రక్తపరీక్ష పేరు" అన్నాను.