‘వెళ్లొద్దు’ అనే మాట టొరంటోలో ఆగిపోయింది

కొత్త రోగం పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు ఒక్కసారే లేస్తాయి. సరిహద్దులు మూయాలా అన్నది ప్రభుత్వాల ప్రశ్న. టికెట్ కొని పెట్టుకున్నాను, వెళ్లాలా మానాలా అన్నది ప్రయాణికుడి ప్రశ్న. చర్చల్లో మొదటిదే వినిపిస్తుంది. రెండోదానికి జవాబు కావలసిన మనిషి, మొదటిదానికి వచ్చిన జవాబునే తనదిగా తీసుకుంటాడు. ‘ఆంక్షలు అక్కర్లేదన్నారు కదా, అంటే వెళ్లవచ్చు’ అనుకుంటాడు. వ్యాధి వస్తే ప్రయాణాలు ఆపాలా వద్దా అని ఇప్పుడు మళ్లీ మొదలైన వాదనలోనూ ఇదే కలగాపులగం. దీని మొదలు వెతకడానికి ప్లేగు భయంతో ఓడలను నలభై రోజులు రేవు బయట నిలిపివేసిన కాలానికి వెళ్లనక్కర్లేదు. ఆ కథ అందరికీ తెలిసిందే. 2003 ఏప్రిల్‌ దగ్గర ఆగితే చాలు.

ఆ ఏడాది ఫిబ్రవరి 21న దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన ఒక వైద్యుడు హాంకాంగ్‌లోని ఒక హోటల్లో తొమ్మిదో అంతస్తులో దిగాడు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగా లేదు. ఆ హోటల్లో బస చేసినవారి ద్వారా సార్స్ అనే కొత్త శ్వాసకోశ వ్యాధి హనోయ్, సింగపూర్, టొరంటో చేరింది. ఏప్రిల్ 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ, అత్యవసరం కాకపోతే హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్‌లకు ప్రయాణాలు వాయిదా వేసుకోండని నేరుగా ప్రయాణికులకే చెప్పింది. 55 ఏళ్ల చరిత్రలో ఆ సంస్థ ఇచ్చిన అత్యంత కఠినమైన ప్రయాణ సూచన అది. చట్టం చూస్తే, అలా చెప్పే అధికారం దానికి ఉన్నట్టే లేదు. వ్యాధులు సరిహద్దులు దాటకుండా దేశాలు పాటించాల్సిన అప్పటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కలరా, ప్లేగు, పచ్చ జ్వరం అనే మూడు జబ్బులకే పరిమితం. అయినా చెప్పింది, ప్రపంచం విన్నది.

ఏప్రిల్ 23న అదే సూచనలో బీజింగ్, షాన్షీలతో పాటు టొరంటోను కూడా చేర్చారు. గొడవ అక్కడ మొదలైంది. వ్యాధి ఆసుపత్రుల్లోనే ఉంది, వీధుల్లో లేదు అన్నది కెనడా వాదన. నగర మేయర్ టీవీ ముందుకొచ్చి అసలు ఈ సంస్థ ఎవరో తనకు తెలియదన్నాడు. టొరంటో నుంచి రోగులు బయటి దేశాలకు వెళ్లారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాదన. కెనడా అధికారులు ఆ సంస్థ కేంద్రం ఉన్న జెనీవాకు పరుగెత్తారు. ఆరు రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 29న, ఆ సూచనను ఎత్తివేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. కొత్త కేసులు తగ్గాయని, ఆసుపత్రుల బయట వ్యాప్తి కనిపించి ఇరవై రోజులు దాటిందని అధికారికంగా కారణాలు చెప్పారు. కారణాలు అబద్ధం కాకపోవచ్చు. కానీ మే నెలాఖరుకు అదే నగరంలో మరో ఆసుపత్రిలో రెండో విడత బయటపడింది. జాగ్రత్తలు సడలించిన తర్వాత నిశ్శబ్దంగా సాగిన వ్యాప్తి అది. మొత్తం మీద కెనడాలో 44 మంది చనిపోయారు.

ఆ ఆరు రోజుల్లో ఎవరు ఒప్పు అన్నది ఇప్పటికీ తేలలేదు. తేలనవసరం కూడా లేదు. ఒక ఊరికి వెళ్లొద్దని పేరు పెట్టి చెబితే ఆ ఊరి వ్యాపారం, పరువు, రాజకీయం అన్నీ కలిసి మీద పడతాయని జెనీవాకు తెలిసొచ్చింది. అసలు మలుపు ఇది. తర్వాత వచ్చిన నిబంధనలను చదివితే ఆ జ్ఞాపకం కనిపిస్తుంది.

2005 మే 23న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ కొత్త అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను ఆమోదించింది. 2007 జూన్ 15 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. మూడు జబ్బుల జాబితా పోయింది, ఏ కొత్త ముప్పుకైనా వర్తించేలా మార్చారు. దానితోపాటు, అంతర్జాతీయ రాకపోకలకు అనవసర ఆటంకం కలగకూడదన్నది వాటి ఉద్దేశంలోనే చేరింది. 43వ అధికరణం ప్రకారం ఏ దేశమైనా అదనపు చర్యలు తీసుకోవచ్చు, అయితే వాటికి శాస్త్రీయ ఆధారం ఉండాలి. ఒక మనిషిని 24 గంటలకు మించి ఆపే చర్య అయితే, 48 గంటల్లోగా కారణం రాసి పంపాలి. పంపకపోతే? ఏమీ కాదు. శిక్ష ఎక్కడా రాయలేదు.

వ్యాధి బయటపెట్టిన దేశాన్ని శిక్షించకూడదన్న ఈ ఏర్పాటు వెనుక న్యాయం ఉంది. బయటపెడితే నష్టమని తేలితే, తర్వాతివాడు దాచిపెడతాడు. కానీ ఈ నిబంధనలు మాట్లాడేది ప్రభుత్వాలతో. టికెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషితో మాట్లాడే గొంతు అక్కడి నుంచి సన్నగిల్లింది.

ప్రభుత్వాలైనా విన్నాయా? 2014లో ఎబోలా అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ప్రయాణాలపై మూకుమ్మడి నిషేధం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పదుల దేశాలు పట్టించుకోలేదు. ఆ అక్టోబరులో వ్యాధి ఉన్న పశ్చిమ ఆఫ్రికా దేశాలవారికి వీసాలు ఆపిన దేశాల్లో కెనడా ఒకటి. పదకొండేళ్ల క్రితం తనకు అన్యాయం జరిగిందని జెనీవాకు వెళ్లింది ఈ కెనడాయే.

2021 నవంబరు నాటికి ఇది మరీ మొరటుగా తయారైంది. జన్యుక్రమాలను జాగ్రత్తగా పరిశీలించి కొవిడ్ కొత్త వేరియంట్‌ను పట్టుకున్న దక్షిణాఫ్రికా, నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అని పేరు, ఆఫ్రికా దక్షిణ దేశాల మీద విమానాల నిషేధం ఒకేసారి వచ్చాయి. చెప్పినందుకు దండిస్తున్నారని దక్షిణాఫ్రికా వాపోయింది. తర్వాత నెదర్లాండ్స్‌లో పాత నమూనాలు తిరగేస్తే, నవంబరు 19 నాటి దాంట్లోనే ఆ వేరియంట్ ఉంది. తలుపు వేసేటప్పటికే అతిథి లోపల ఉన్నాడు.

మూసివేతల పక్షాన ఉన్నవారు చూపించేది సమోవా దీవులను. 1918 నవంబరులో ఆక్లాండ్ నుంచి వచ్చిన టలూన్ అనే ఓడను పశ్చిమ సమోవాలో దిగనిచ్చారు. ఫ్లూ సోకి అక్కడి జనాభాలో ఐదోవంతుకు పైగా చనిపోయారు. పక్కనే ఓడలను ఆపిన అమెరికన్ సమోవాలో ఒక్కరూ చనిపోలేదు. న్యూజిలాండ్ 2020 మార్చి 19న సరిహద్దు మూసి, టీకాలు వచ్చేదాకా కాలం కొనుక్కోగలిగింది. ఇది కాదనలేని వాదనే. కాకపోతే దానికి దీవి కావాలి, వైరస్ ఇంకా రాకముందే మూయాలి, మూసి ఉంచే ఓపిక ఉండాలి. ఆ ఓపిక ఖర్చు కూడా చూడాలి. ఆస్ట్రేలియా తన పౌరులనే అనుమతి లేకుండా ఏడాదిన్నర పైగా దేశం దాటనివ్వలేదు. న్యూజిలాండ్‌లో క్వారంటైన్ గదులను లాటరీ పద్ధతిలో కేటాయించిన తీరు, స్వదేశానికి తిరిగి వచ్చే పౌరుల హక్కును దెబ్బతీసిందని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు తేల్చింది.

వెళ్లాలా మానాలా అన్నదాని వెనుకే, వెళితే ఎలా వెళ్లాలన్నది నడుస్తుంది. దీని మీద మాత్రం తెలిసింది తక్కువేమీ కాదు. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో జ్వరంతో ఉన్న 72 ఏళ్ల ప్రయాణికుడొకరు ఎక్కాడు. మూడు గంటల ప్రయాణం. తర్వాత 22 మంది జబ్బు పడ్డారు. ఆయన ముందున్న మూడు వరుసల్లో కూర్చున్న 23 మందిలో ఎనిమిది మందికి సోకింది. ఆ రోజుల్లోనే, లక్షణాలు ఇంకా బయటపడని రోగి ఎక్కిన మరో విమానంలో ఎవరికీ సోకలేదు. సార్స్ అలాంటిది, మనిషి బాగా జబ్బు పడ్డాకే ఎక్కువగా అంటుకునేది. ‘ఒంట్లో బాగా లేకపోతే ఎక్కకండి’ అన్న ఒక్క మాటకు అక్కడ విలువ ఉంది. విమానాశ్రయాల్లో పెట్టిన థర్మల్ స్కానర్లకు అంత విలువ దక్కలేదు. కెనడాలో లక్షలాది మందిని పరీక్షించినా ఒక్క సార్స్ రోగి దొరకలేదు.

కొవిడ్ ఈ లెక్క మార్చింది. లక్షణాలకు ముందే అంటుకునే వైరస్ దగ్గర జ్వరం చూడటం చాలదు. 2020 మార్చి 2న లండన్ నుంచి హనోయ్ చేరిన విమానంలో బిజినెస్ తరగతిలో కూర్చున్న ఒకరి నుంచి 15 మందికి సోకినట్టు తేలింది, వారిలో 12 మంది ఆ తరగతివారే. పది గంటలు ఒకే చోట కూర్చోవడం, మాస్కులు తప్పనిసరి కాని రోజులు. విమానం గాల్లో ఉండగా లోపలి గాలి వడపోతల గుండా గంటకు ఇరవై సార్లకు పైగా మారుతుంది. అయినా పక్క సీటు నుంచి వచ్చే గాలి ముందు మన దగ్గరికి వచ్చాకే వడపోత దాకా వెళుతుంది. విమానాశ్రయం వరుసలో నిలబడినప్పుడు ఆ వడపోత కూడా లేదు. 2020 మార్చి 11 రాత్రి ఐరోపా నుంచి వచ్చే ప్రయాణాలపై అమెరికా ఆంక్షలు ప్రకటించగానే జనం ఉన్నపళంగా తిరుగుముఖం పట్టారు. మార్చి 14న షికాగో విమానాశ్రయంలో తనిఖీ వరుసల్లో భుజాలు రాసుకుంటూ గంటల తరబడి నిలబడ్డారు. నిషేధం ఆపాలనుకున్న గుంపు, ఆ నిషేధం వల్లే తయారైంది.

తాజా వాదనలో రెండు పక్షాలూ పట్టుకునే పత్రాలు రెండు. 2024 జూన్ 1న ఆరోగ్య నిబంధనలను సవరించి హెచ్చరికల్లో ‘మహమ్మారి అత్యవసర పరిస్థితి’ అనే పై మెట్టు చేర్చారు. 2025 సెప్టెంబరు 19 నుంచి అది అమల్లో ఉంది. ఆ సవరణలను అమెరికా తిరస్కరించింది. 2025 మే 20న ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలోనైతే, ప్రయాణికులను నిషేధించమని గానీ అనుమతించమని గానీ దేశాలను ఆదేశించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని విడమరిచి రాశారు. సార్వభౌమత్వం పోతుందని భయపడ్డవారిని ఊరడించే వాక్యమది. లేని అధికారం లేదని రాయడానికి అన్ని మాటలు ఖర్చయ్యాయి.

ప్రయాణికుడికి కావలసిన వాక్యం పాత పత్రంలోనే ఉంది. 2020 ఫిబ్రవరి 29న కొవిడ్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రయాణ సూచనలు ఆంక్షలు వద్దన్న మాటతోనే మొదలవుతాయి. పత్రికల శీర్షికలకు ఎక్కింది అదే. ఇంకాస్త కిందికి చదివితే, జబ్బుగా ఉన్నవారు, ముఖ్యంగా వయసు మళ్లినవారు, దీర్ఘకాలిక వ్యాధులున్నవారు, వ్యాధి ఉన్న ప్రాంతాలకు వెళ్లడం వాయిదా వేసుకోవడం లేదా మానుకోవడం మంచిదని ఉంది. దానికి ఏ శీర్షికా దక్కలేదు.