సెప్టెంబరులో ఎర్రబడే అడవి: బ్రాకీస్టీజియా చెట్లపై అపోహలు - వాస్తవాలు

నేను పనిచేసేది జాంబియాలోని మియోంబో అడవుల్లో. అంగోలా నుంచి మొజాంబిక్ దాకా పరుచుకున్న ఈ అడవుల్లో ఎక్కువగా కనిపించేవి బ్రాకీస్టీజియా చెట్లే. దాదాపు 30 జాతులు, అన్నీ ఆఫ్రికావే. మన చింత, అశోకం వీటికి దగ్గరి చుట్టాలు.

అపోహ: అడవి ఎర్రబడిందంటే ఆకు ఎండి రాలబోతోంది.

కాదండీ, అది చిగురు! వానలు గట్టిగా పట్టుకునేది నవంబరులో. అంతకు రెండు నెలల ముందే, నేల పగుళ్లిచ్చి ఉండగానే, లోతు వేళ్లు లాగిన నీటితో, కాండంలో దాచుకున్న నీటితో ఇవి చిగురిస్తాయి. అశోకం లేతాకులు రాగి రంగులో వేలాడటం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక కొమ్మ వంచి ఆకు నలిపి చూడండి, మెత్తగా తడిగా ఉంటుంది. కొన్ని వారాల్లో పచ్చబడుతుంది.

అపోహ: చిక్కుడు కుటుంబం కదా, వేరు బుడిపెలతో నత్రజని పట్టి నేలకిస్తుంది.

ఇది వ్యవసాయం చదివినవాళ్ల నోటే ఎక్కువ వింటాను. కంది, వేరుశనగ వేళ్లు చూసి పెరిగిన నేనూ మొదట్లో లేత మొక్కల వేళ్లు కడిగి కడిగి వెతికాను. ఒక్క బుడిపె లేదు. వేరు కొసలకి మాత్రం సన్నటి తొడుగు ఉంది. అది శిలీంధ్రం. చెట్టు దానికి చక్కెర పెడుతుంది, అది మట్టిలోంచి భాస్వరం, నత్రజని తెచ్చిస్తుంది. వానాకాలం రోడ్డు పక్కన ఆడవాళ్లు బేసిన్లలో పోసి అమ్మే పసుపు, నారింజ రంగు పుట్టగొడుగులు ఇలాంటి శిలీంధ్రాలవే. చెట్టు పోతే ఆ బేసిన్ కూడా ఖాళీ.

అపోహ: బొగ్గుకి కొట్టేసిన చోట అడవి అయిపోయినట్టే, యూకలిప్టస్ వేసుకోవాల్సిందే.

మోడు బతికే ఉంటుంది. మోడు నుంచి, వేళ్ల నుంచి పిలకలు వస్తాయి. వాటిని చంపేది మోళ్లు పెకలించే దున్నకం, ఏటా వచ్చే ఆలస్యపు మంటలు. జాంబియాలోనే ఎన్డోలా అనే ఊళ్లో 1933లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఇది కళ్లకి కట్టింది. ఏటా ఎండాకాలం చివర, అంటే ఇక్కడి వానలకి కాస్త ముందు, తగలబెట్టిన చోట చెట్లు పోయి గడ్డి మిగిలింది, మంట సోకనివ్వని చోట అడవి గుబురెక్కింది.

గింజ నుంచి లేచిన మొక్కదీ అదే కథ. పైన కాడ ఏళ్ల తరబడి ఎండుతూ, మళ్లీ లేస్తూ ఉంటుంది, కింద వేరు మాత్రం బలుస్తూనే ఉంటుంది. అందుకే జానెడు పుల్ల కనిపించినా నేను పీకనివ్వను. మంట పెట్టక తప్పకపోతే, ఇక్కడ ఎండాకాలం మొదలయ్యే, గడ్డి ఇంకా పచ్చిగా ఉండే మే, జూన్‌లోనే పెట్టమని ఊరూరా చెబుతున్నాను.