ఎఫ్‌పీజీఏ కొత్తగా పట్టుకున్నవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీ భాష వచ్చు కాబట్టి వెరిలాగ్ వారంలో వచ్చేస్తుంది.

నన్ను ముంచింది ఇదే. ఎఫ్‌పీజీఏ అంటే మనకి కావాల్సిన సర్క్యూట్‌ని మనమే అమర్చుకోగల చిప్; ఆ సర్క్యూట్‌ని వర్ణించి రాసే భాషే వెరిలాగ్. వెరిలాగ్ చూడ్డానికి సీలాగే ఉంటుంది, చిక్కంతా అక్కడే. సీలో రెండు విలువలు తారుమారు చెయ్యాలంటే మామూలుగా మూడో వేరియబుల్ కావాలి. వెరిలాగ్‌లో క్లాక్ (సర్క్యూట్‌ని తాళంలో నడిపే టిక్కుల సిగ్నల్) బ్లాక్ లోపల ‘ఏ <= బీ; బీ <= ఏ;’ అంటే చాలు, క్లాక్ అంచు (ఆ సిగ్నల్ మారే క్షణం) రాగానే రెండూ ఒకేసారి మారిపోతాయి. అవి వరసగా నడిచే ఆజ్ఞలు కావు మరి. ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాని ఇన్‌పుట్‌కి తగిలించిన రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, అంటే క్లాక్ అంచు మీద ఒక్కో బిట్ పట్టి ఉంచే సర్క్యూట్‌లు. ‘<=’ బదులు ‘=’ పెట్టారో, రెండింట్లోనూ బీ విలువే మిగులుతుంది.

ఫర్ లూపూ అంతే. ఎనిమిదిసార్ల లూప్ రాస్తే అది ఎనిమిదిసార్లు తిరగదు, ఎనిమిది సెట్ల సర్క్యూట్ పుట్టిస్తుంది. కొత్తలో లూప్ లోపల భాగహారం గుర్తు పెట్టి, టైమింగ్ (ఒక టిక్కులోపు లెక్క పూర్తవడం) ఎంతకీ కుదరకపోతే రెండు రోజులు, కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే టూల్‌ని తిట్టుకున్నాను. ఇప్పుడు మా జూనియర్లని ముందు కాగితం మీద బొమ్మ గీయమంటాను. ఫ్లిప్‌ఫ్లాప్ ఎక్కడుందో చూపించలేకపోతే కోడ్ జోలికి పోవద్దంటాను.

అపోహ: చిప్ లోపల యాండ్, ఆర్ గేట్లు పేర్చి ఉంటాయి.

ఉండవు. ఉండేవి లుకప్ టేబుళ్లు, మేం లట్‌లంటాం. నాలుగు ఇన్‌పుట్‌ల లట్ అంటే 16 బిట్ల పట్టిక. మీ లాజిక్ జవాబులు టూల్ అందులో నింపేస్తుంది. 1985లో జైలింక్స్ కంపెనీ తెచ్చిన ఎక్స్‌సీ2064 చిప్‌లో లాజిక్ బ్లాకులు (లట్, ఫ్లిప్‌ఫ్లాప్ కలిసిన ముక్కలు) 64. ఇవాళ అరచేతిలో పట్టే టాంగ్ నానో 9కే బోర్డులో 8,640 లట్‌లు. నేర్చుకోడానికి ధారాళంగా సరిపోతాయి.

అపోహ: బోర్డు, లైసెన్సు కొననిదే మొదలుపెట్టలేం.

బోర్డు లేకుండానే కోడ్‌ని కంప్యూటర్‌లో నడిపి చూసే (సిమ్యులేషన్) ఇకారస్ వెరిలాగ్, ఆ సిగ్నళ్లని గీతలుగా (వేవ్‌ఫామ్‌లుగా) చూపించే జీటీకేవేవ్ ఉచితం. చిప్ కంపెనీల టూళ్లయిన వివాడో, క్వార్టస్‌లకీ ఉచిత ఎడిషన్లున్నాయి, డిస్కులో చోటు మాత్రం బాగా ఖాళీ చేసుకోండి. మొదటి నెల వేవ్‌ఫామ్‌లు చూస్తూ గడిపినా నష్టం లేదు.

అపోహ: సిమ్యులేషన్ పాసైతే బోర్డు మీదా ఆడుతుంది.

బటన్ నొక్కితే కౌంట్ ఒకటి పెరగాలి, అంతే డిజైన్. సిమ్యులేషన్‌లో ముచ్చటగా వచ్చింది. బోర్డు మీద ఒక్క నొక్కుకి ఓసారి మూడు, ఓసారి ఏడు! బటన్ లోపలి రేకు కుదురుకునేలోపు కొన్ని మిల్లీసెకన్లు టకటకా కొట్టుకుంటుంది. టెస్ట్‌బెంచ్‌లో (సిమ్యులేషన్ కోసం మనం రాసే పరీక్ష కోడ్‌లో) బటన్ బుద్ధిమంతురాలు కదా, ఆ అల్లరి అక్కడ కనపడదు. 27 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి 20 మిల్లీసెకన్లంటే 5,40,000 టిక్కులు; అంతసేపు సిగ్నల్ కదలకుండా ఉంటేనే నొక్కినట్టు లెక్కేయండి. అంతకంటే ముందు దాన్ని వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపండి. బయటి సిగ్నల్ సరిగ్గా క్లాక్ అంచు మీదే మారితే, మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ సున్నానా ఒకటా తేల్చుకోలేక మధ్యలో ఊగుతుంది. అదే మెటాస్టెబిలిటీ. రెండోది దానికి తేల్చుకునే వ్యవధి ఇస్తుంది.

అపోహ: కరెంటు తీసి పెడితే డిజైన్ మాయమైంది, బోర్డు పోయినట్టే.

పోలేదు. మీరు ఎస్‌రామ్‌లోకి, అంటే కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోకి ఎక్కించారు. ఈసారి బోర్డులోకి డౌన్‌లోడ్ చేసేటప్పుడు, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ ఎంచుకోండి.