బానెట్ స్కూప్: నోరు ముందుకా, వెనక్కా?

పికప్ ట్రక్కుకు కొత్త బానెట్ వేయించాలనుకునేవాళ్లు మొదట చూసేది బొమ్మ. బానెట్ మీద గాలి కోసం నోరులా లేచి ఉండే స్కూప్ ఎంత ఎత్తుంది, దాని నోరు ఎంత వెడల్పుంది, రంగు వేశాక ఎలా ఉంటుంది అన్నవే వాళ్ల ప్రశ్నలు. గాలికి ఈ అందంతో పని లేదు. బండి పరిగెడుతున్నప్పుడు బానెట్ మీద ఒకచోట గాలి కిందికి నొక్కుతుంది, ఇంకోచోట పైకి లాగుతుంది. కన్నం ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అదే స్కూప్ ఇంజిన్‌కు మేలు చేయవచ్చు, ఏమీ చేయకపోవచ్చు, ఉన్నది చెడగొట్టనూ వచ్చు.

ముందుగా ఆ ఒత్తిళ్లు ఎక్కడెక్కడ ఎలా ఉంటాయో చూద్దాం. ఎదురొచ్చే గాలి గ్రిల్‌కు తగిలి ఆగుతుంది, ఆగినచోట పీడనం పెరుగుతుంది. అక్కడి నుంచి బానెట్ ముందు అంచు మీదుగా పైకెక్కి వెనక్కి మళ్లేటప్పుడు గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట పీడనం చుట్టుపక్కల గాలి కన్నా తగ్గిపోతుంది. బానెట్ వెనక భాగానికి వచ్చేసరికి ముందు అద్దం అడ్డుగోడలా ఎదురవుతుంది కాబట్టి గాలి మళ్లీ నెమ్మదిస్తుంది, పీడనం మళ్లీ పెరుగుతుంది. బండి లోపల కూర్చున్నవాళ్లకు గాలి అందించే జాలీని చాలా వాహనాల్లో అద్దం మొదట్లోనే పెట్టడానికి కారణం ఇదే. ఫ్యాన్ వేయకపోయినా అక్కడ గాలి తనంతట తానే లోపలికి వస్తుంది.

బానెట్ అద్దం వైపు ఉబ్బి, వెనక్కి నోరు తెరిచి ఉండే ‘కౌల్ ఇండక్షన్’ డిజైన్ కూడా ఇక్కడి నుంచే పుట్టింది. కౌల్ అంటే అద్దం మొదట్లో ఉండే భాగం. చూసేవాళ్లకు నోరు తప్పు దిక్కున ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, అది అద్దం మొదట్లో పోగయ్యే గాలిని తీసుకుంటుంది. షెవర్లే 1969 కమారోలో ఇలాంటి బానెట్ ఇచ్చింది. 1970 షెవెల్‌లో అయితే వెనక నోటికి చిన్న తలుపు కూడా పెట్టింది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే అది తెరుచుకునేది. ఈ రోజు పికప్‌లకు దొరికే కౌల్ బానెట్‌లలో చాలావాటికి ఆ ఆకారం ఉంటుంది గానీ, గాలిని ఫిల్టర్ దాకా తీసుకెళ్లే దారి ఉండదు. అప్పుడది ఎత్తైన ఇంజిన్‌కు పైన చోటిచ్చే గూడు మాత్రమే. అలాంటి ఇంజిన్ మీ దగ్గర ఉంటే అది కొనడానికి మంచి కారణమే.

ఇక ముందుకు నోరు తెరిచిన స్కూప్ సంగతి. ‘బండి వేగానికి గాలి దూసుకొచ్చి ఇంజిన్‌లోకి కుక్కుకుంటుంది, పవర్ పెరుగుతుంది’ అని అమ్మేవాళ్లు చెబుతారు. మాట అబద్ధం కాదు, ఎంత పెరుగుతుందన్నదే అసలు విషయం. ఎదురు గాలిని పూర్తిగా ఆపగలిగితే వచ్చే అదనపు పీడనం, గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 460 పాస్కల్స్. మామూలు వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. అంటే పెరిగేది అర శాతం కూడా లేదు. 50 కిలోమీటర్ల వేగంలో 0.1 శాతం చుట్టుపక్కల. 200 దాటిస్తే తప్ప 2 శాతం దగ్గరికి రాదు. అదీ చుక్క గాలి కూడా జారిపోని స్కూప్ ఉంటే. బరువు లాగుతూ ఘాట్ రోడ్డు ఎక్కే పికప్‌కు ఈ లెక్కతో ఒరిగేదేమీ లేదు.

అసలు లాభం, ఉంటే గింటే, వేడిలో ఉంది. బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద 60 డిగ్రీల గాలిని ఇంజిన్ పీలుస్తోందనుకుందాం. ఆ గాలి బయటి గాలి కన్నా దాదాపు 9 శాతం పలచన. ఇంజిన్ శక్తి అంతే మోతాదులో పడిపోదు, సుమారు అందులో సగం తగ్గుతుందని చెప్పుకోవచ్చు. అయినా వేగంతో వచ్చే అర శాతం ముందు అది చాలా పెద్ద అంకె. చల్లటి గాలి కోసం స్కూప్ పెట్టడంలో అర్థం ఉంది. కాకపోతే ఆధునిక ట్రక్కుల్లో చాలావాటికి ఫిల్టర్ డబ్బా గొట్టం ఇప్పటికే ఫెండర్ (చక్రం పైనుండే రేకు) లోపలి నుంచో, గ్రిల్ వెనక నుంచో బయటి గాలినే తీసుకుంటోంది. కంపెనీ ఇంజినీర్లు చేసేసిన పనికి మళ్లీ డబ్బు పెడుతున్నామేమో చూసుకోవాలి.

చూసుకోవడం కష్టం కాదు. బండి కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించే చిన్న రీడర్ ఒకటి చాలు. ఇంజిన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రతను అది తెర మీద చూపిస్తుంది. సాఫీగా పోతున్న రోడ్డు మీద ఆ అంకె బయటి ఉష్ణోగ్రత కన్నా నాలుగైదు డిగ్రీలే ఎక్కువుంటే, స్కూప్ వల్ల ఇంజిన్‌కు కొత్తగా వచ్చేదేమీ లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అంకె చకచకా పెరగడం చూసి కంగారు పడనక్కర్లేదు. ఆగి ఉన్న బండిలో స్కూప్ కూడా పెద్దగా సాయం చేయలేదు. టర్బో ఇంజిన్ అయితే సెన్సర్ ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తర్వాత ఉన్న సెన్సర్ చెప్పే లెక్క వేరు.

నోరు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం ఇంకో భ్రమ. 5 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, సిలిండర్లు పూర్తిగా నిండినా సెకనుకు 125 లీటర్ల గాలికి మించి తాగదు. బండి గంటకు 100 కిలోమీటర్లతో పోతుంటే ఆ గాలి రావడానికి 45 చదరపు సెంటీమీటర్ల కన్నం చాలు. అంటే 15 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటి నోరు ఎవరికీ ఆనదు, అందుకే అమ్మకానికి పెట్టినవి దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. మిగతాదంతా గాలికి అడ్డమే.

ఎత్తు విషయంలో మాత్రం కొంత న్యాయం ఉంది. బానెట్‌కు అంటుకుని పోయే గాలి పొర నెమ్మదిగా, బద్ధకంగా కదులుతుంది. వెనక్కి వెళ్లేకొద్దీ అది మందమవుతుంది. నోరు మరీ కిందికి ఉంటే ఆ బద్ధకపు గాలే దొరుకుతుంది. విమాన పరిశోధన సంస్థ నాకా, అంటే నాసాకు ముందున్న సంస్థ, 1940ల్లో ఉపరితలంలోకి దిగబడి ఉండే ఒక గాలి ద్వారాన్ని రూపొందించింది. ముందు సన్నగా మొదలై వెనక్కి వంపుగా విచ్చుకునే ఆ త్రిభుజాకారాన్ని చాలా బానెట్‌ల మీద చూడవచ్చు. దాని వంపు అంచుల దగ్గర పుట్టే సుడులు పైనున్న చురుకైన గాలిని కిందికి లాగుతాయి. ఉపరితలం నున్నగా ఉండి, గాలి అంటిపెట్టుకుని పారినంతవరకే ఆ కిటుకు పనిచేస్తుంది. గాలి చెదిరిపోయిన చోట పెడితే అది చెక్కిన బొమ్మే.

ఇప్పుడు చెడగొట్టే స్కూప్ గురించి. నా ఉద్దేశంలో కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. రేడియేటర్ గుండా గాలి పారాలంటే దాని ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండాలి. స్కూప్ నోరు తెరిచి ఉండి, కింద ఫిల్టర్ డబ్బాకు సీలు వేసి కలపకపోతే, దూరిన గాలంతా ఇంజిన్ గదిలోనే చేరుతుంది. రేడియేటర్ వెనక ఒత్తిడి పెరుగుతుంది, గ్రిల్ నుంచి వచ్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది. ఒకే గొట్టాన్ని రెండు చివర్ల నుంచీ ఊదినట్టు ఉంటుంది వ్యవహారం. ఇంజిన్ చల్లబడాలని పెట్టిన కన్నం ఇంజిన్‌ను వేడెక్కిస్తుంది. చల్లదనమే కావాలనుకుంటే గాలి లోపలికి వచ్చే దారి కన్నా బయటికి పోయే దారి ఇవ్వడం మేలు. బానెట్ ముందు సగంలో, ఒత్తిడి తక్కువున్న చోట, వెనక్కి వాలిన రెక్కలతో ఉండే వెంట్లు వేడి గాలిని పైకి లాగేస్తాయి. ఎత్తులు ఎక్కుతూ, ట్రైలర్లు లాగుతూ ఉండేవాళ్లకు నేను స్కూప్ కన్నా వీటినే సూచిస్తాను. అదే వెంట్‌ను అద్దానికి దగ్గరగా పెడితే గాలి తిరగబడి లోపలికే వస్తుంది.

మీ బానెట్ మీద ఎక్కడ ఏముందో తెలుసుకోవడానికి విండ్ టన్నెల్ అక్కర్లేదు. అంగుళం, అంగుళంన్నర పొడవున్న ఊలు దారపు ముక్కల్ని వరసలుగా టేపుతో అంటించి, పక్క లేన్‌లోని బండి నుంచి ఇంకొకరితో వీడియో తీయించండి. దారాలు తిన్నగా వెనక్కి పడుకున్నచోట గాలి అంటిపెట్టుకుని పోతోంది. గిరగిరా తిరుగుతున్నా, ముందుకు మళ్లుతున్నా అక్కడ గాలి చెదిరినట్టు. ఒత్తిడి కొలవాలంటే సన్నటి పారదర్శకపు గొట్టాన్ని యు ఆకారంలో వంచి సగం దాకా రంగునీళ్లు పోయాలి. ఒక కొసకు తగిలించిన గొట్టాన్ని బానెట్ మీద కొలవాల్సిన చోట పడుకోబెట్టి టేపు వేయాలి, రెండో కొసను గాలి తగలని చోట ఉంచాలి. 100 కిలోమీటర్ల వేగంలో ఎదురు గాలి పూర్తిగా ఆగే చోట నీటి మట్టాల తేడా 47 మిల్లీమీటర్లు వస్తుంది, బానెట్ మీద అంతకన్నా తక్కువే కనిపిస్తుంది. ముందు అంచు దాటాక నీళ్లు ఎదురు దిక్కుకు జరుగుతాయి, అద్దం దగ్గర మళ్లీ వెనక్కి వస్తాయి. గొట్టాన్ని చూడాల్సింది పక్క సీట్లో కూర్చున్నవాళ్లు, డ్రైవరు కాదు.

కంపెనీలే పెట్టిన స్కూప్‌లలో నిజమైనవీ ఉన్నాయి, ఉత్తవీ ఉన్నాయి. టయోటా హైలక్స్‌లో 3 లీటర్ల టర్బో డీజిల్ రకం స్కూప్ కింద ఇంజిన్ నెత్తిన ఇంటర్‌కూలర్ ఉండేది, గాలి నేరుగా దాని మీద పడేది. అలాంటి బండికి స్కూప్ లేని బానెట్ బిగిస్తే నష్టమే. షెవర్లే 2017 సిల్వరాడో హెచ్‌డీ డీజిల్ పికప్ స్కూప్ నీటిని వేరుచేసి గాలిని ఇంజిన్‌కు పంపేది. వాన నీళ్లను పక్కకు తప్పించే ఏర్పాటు లేని స్కూప్ ఫిల్టర్‌ను తడుపుతుంది, నీళ్లు సిలిండర్ దాకా వెళ్తే ఇంజిన్ పని అయిపోయినట్టే. టయోటా టకోమా పికప్‌లో టీఆర్‌డీ స్పోర్ట్ రకం మీద ఏళ్ల తరబడి వచ్చిన స్కూప్ మాత్రం ఉత్త అలంకారం. నాకు దాంతో పేచీ లేదు. అందం కోసమే అయితే మూసి ఉన్న స్కూప్ కొనుక్కోవడమే నయం. నీళ్లు దూరవు, రేడియేటర్ పని చెడదు.

ఎత్తైన స్కూప్ తెచ్చే ఇంకో తంటా చూపు. డ్రైవరు కన్ను నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో, బానెట్ ముందు అంచు 1.2 మీటర్ల ఎత్తులో, కంటికి 2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కంటి నుంచి 8 మీటర్ల అవతలే నేల కనిపిస్తుంది. కంటికి 1.5 మీటర్ల దూరంలో, 1.35 మీటర్ల ఎత్తుకు స్కూప్ లేస్తే ఆ 8 కాస్తా 9.6 అవుతుంది. మీటరు ఎత్తున్న పిల్లవాడు బండికి ఎదురుగా నడుస్తుంటే, తల కనిపించడానికి అరమీటరుకు పైగా ఇంకా దూరంగా ఉండాలి. కొనేముందు అంత ఎత్తున్న అట్టపెట్టెను బానెట్ మీద పెట్టి సీట్లో కూర్చుని చూడండి.

దేనితో చేశారన్నది కూడా తేడా తెస్తుంది. ఫైబర్‌గ్లాస్ బానెట్ తేలిక, కానీ అంచులు అరగదీసి, గ్యాప్‌లు సరిచేసి, రంగుకు సిద్ధం చేసే పని చాలా ఉంటుంది. స్టీల్ బానెట్ కోసం పెట్టిన స్ప్రింగులు, గ్యాస్ స్ట్రట్‌లు తేలిక బానెట్‌ను అవసరానికి మించి నెట్టి వంచేస్తాయి, కీళ్ల దగ్గర పగుళ్లు వస్తాయి. కార్బన్ ఫైబర్‌కు ఎండ నుంచి కాపాడే పూత లేకపోతే పసుపెక్కుతుంది. పాత బానెట్‌నే కోసి స్కూప్ పెట్టించేవాళ్లు లోపలి చట్రం జోలికి వెళ్లకూడదు. గట్టిదనం దాంట్లోనే ఉంది, ఢీకొన్నప్పుడు బానెట్ అద్దంలోకి దూసుకురాకుండా మధ్యలో మడతపడే ఏర్పాటూ దాంట్లోనే ఉంటుంది.

బిగించే రోజు ఇంజిన్ మీద ఎత్తైన భాగాల పైన బంకమట్టి ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా దించి, తెరిచి చూడండి. ముద్ద ఎంత మిగిలిందో అంతే సందు ఉన్నట్టు. బండి ఊపులో ఇంజిన్ కూడా కదులుతుంది కాబట్టి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటే నిశ్చింత. తర్వాత లాక్ రెండు దశల్లోనూ పడుతోందా అని చూడాలి. మొదటిది ఊడినా రెండో కొక్కెం బానెట్‌ను పట్టుకోవాలి. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు వేగం కొద్దికొద్దిగా పెంచండి. బానెట్ అదురుతుంటే దాన్ని పట్టి ఉంచే పిన్నులు వేయించేదాకా హైవే ఎక్కొద్దు.