చిన్న రాడ్‌కు తేలికైన ఫ్లై రీల్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో టెన్నెసీ, ఉత్తర కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ కొండల వాగుల్లో ట్రౌట్ చేపల కోసం ఏడు, ఏడున్నర అడుగుల 3 వెయిట్ (తేలికపాటి లైన్‌కు సరిపోయే) ఫ్లై రాడ్, అంటే కృత్రిమ ఈగ ఎరను విసిరే గాలపు కర్ర, పట్టుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న రీల్ (లైన్ చుట్టి ఉంచే పరికరం) గురించే. ఫ్లై రాడ్లకు రీల్, లైన్ అమర్చి ఇచ్చే పనిలో ఉన్నందున, ఈ విషయంలో మళ్లీ మళ్లీ వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: రీల్ ఎంత తేలికగా ఉంటే కాస్టింగ్ (లైన్ విసరడం) అంత చురుకుగా సాగుతుంది.

వాస్తవం: రాడ్ ఊపేటప్పుడు చేతికి అడ్డుపడే బరువు ప్రధానంగా కొన వైపు ఉంటుంది, ఎందుకంటే ఊపుకు ఎదురయ్యే జడత్వం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చేతికి రెండు మీటర్ల దూరంలో ఉన్న ఒక గ్రాము, 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్రాము కంటే 170 రెట్లకు పైగా అడ్డుపడుతుంది. రీల్ చేతికి ఆనుకునే ఉంటుంది కాబట్టి దానిలో 20 గ్రాములు తగ్గించినంత మాత్రాన కాస్టింగ్ వేగం చెప్పుకోదగినంతగా మారదు. పైగా రీల్ మరీ తేలికైతే రాడ్ కొన కిందికి వాలుతూ, దానిని నిలిపి ఉంచే భారం మణికట్టు మీద పడుతుంది.

అలాగని బరువు తగ్గడం వల్ల లాభమే లేదని నేను అనడం లేదు. రాళ్ల మధ్య చిన్న మడుగుల్లో చేపలు పట్టేటప్పుడు లైన్ నీటిని తాకకుండా చేయి ఎత్తి, రాడ్‌ను గంటల తరబడి ముందుకు చాచి ఉంచవలసి వస్తుంది, అప్పుడు భుజం మోసేది మొత్తం బరువు. అందుకే ఈ రాడ్లకు 70 నుంచి 115 గ్రాముల మధ్య రీల్‌ను ఎంచుకోమంటాను. ఆ పరిధిలో ఏది సరిపోతుందో ప్రకటనలోని అంకె చెప్పలేదు. రీల్‌లో బ్యాకింగ్ (లైన్ కింద చుట్టే సన్నని దారం), లైన్ పూర్తిగా నింపి, రాడ్‌కు బిగించి, వాగులో సాధారణంగా విడిచేంత లైన్‌ను కొన బయటికి లాగి, కార్క్ పిడి ముందు భాగాన్ని చూపుడు వేలి మీద నిలిపి చూడాలి. రాడ్ అక్కడ దాదాపు సమంగా నిలిస్తే ఆ జత కుదిరినట్టే. ఖాళీ రీల్‌తో చేసే పరీక్షకు విలువ లేదు.

అపోహ: రీల్ మీద 3/4 (3 లేదా 4 వెయిట్ లైన్‌కు) అని ఉంటే ఏ 3 వెయిట్ లైన్ అయినా అందులో పడుతుంది.

వాస్తవం: వెయిట్ సంఖ్య లైన్ మొదటి 30 అడుగుల బరువును మాత్రమే సూచిస్తుంది. 3 వెయిట్‌కు అది 100 గ్రెయిన్లు, అంటే సుమారు 6.5 గ్రాములు, 5 వెయిట్‌కు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. లైన్ స్పూల్‌లో (రీల్‌లో లైన్ చుట్టుకునే చక్రంలో) ఎంత చోటు ఆక్రమిస్తుందో ఆ సంఖ్య తెలపదు. డబుల్ టేపర్ (రెండు చివరలా సన్నబడే) లైన్ నడుమంతా మందంగా ఉంటుంది కాబట్టి, వెనుక భాగం సన్నబడే వెయిట్ ఫార్వర్డ్ లైన్ కంటే ఎక్కువ చోటు కావాలి. ఒక చివర అరిగాక తిప్పి వాడుకోవచ్చు గనుక వాగులకు డబుల్ టేపర్‌నే ఇష్టపడేవారు ఎందరో ఉన్నారు. వారు రీల్ కొనేముందు తయారీదారు ఇచ్చిన కొలత ఏ రకం లైన్‌కు వర్తిస్తుందో తప్పక చూసుకోవాలి. స్పూల్ అంచు వరకు నిండితే లైన్ ఫ్రేమ్‌కు రాసుకుని పూత దెబ్బతింటుంది.

అపోహ: చిన్న వాగులో చేప దూరం పరుగెత్తదు కనుక బ్యాకింగ్ అక్కర్లేదు.

వాస్తవం: చేప దూరం పోదన్న మాట నిజమే. అయినా బ్యాకింగ్ స్పూల్ మధ్య భాగాన్ని లావు చేసి, లైన్‌ను పెద్ద చుట్లలో నిలుపుతుంది. చలి ఉదయాన చిన్న చుట్టలుగా బిగిసిన లైన్ నీటి మీద తిన్నగా పరుచుకోదు. చిన్న రీళ్లలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది, కాబట్టి చోటున్నంత బ్యాకింగ్ చుట్టండి.

అపోహ: బలమైన డిస్క్ డ్రాగ్ (చేప లైన్ లాగకుండా నిలువరించే బ్రేక్) లేని రీల్ పనికిరాదు.

వాస్తవం: స్మోకీ కొండల్లోని స్థానిక బ్రూక్ ట్రౌట్ 9 అంగుళాలు దాటడం అరుదు. ఆ పరిమాణపు చేపను రీల్‌తో కాక, వేళ్లతో లైన్ లాగి ఒడ్డుకు చేరుస్తారు. రీల్ చేయవలసిందల్లా లైన్ ఒక్కసారిగా విడివడి చిక్కుపడకుండా ఆపడం. క్లిక్ అండ్ పాల్ (పళ్ల చక్రానికి చిన్న కొక్కెం తగిలే సాదా ఏర్పాటు) అందుకు చాలు, పైగా దానిలోని భాగాలు కొద్దివే కనుక తేలిక. ఈ రాడ్‌తో నేను ఎంచుకునేది అదే. రెండడుగుల చేపలుండే నదికి వెళ్లేవారి అవసరం వేరు, వారికి రాడ్ కూడా వేరే ఉండాలి.

అపోహ: స్పూల్‌కు రంధ్రాలు ఎన్ని ఉంటే అంత మేలు.

వాస్తవం: 1874లో చార్లెస్ ఆర్విస్ పేటెంట్ పొందిన రీల్‌కు రంధ్రాలున్నాయి, తడిసిన లైన్‌కు గాలి తగిలి ఆరడానికి అవి తోడ్పడేవి. నేటి ప్లాస్టిక్ పూత లైన్లకు ఆ అవసరం తగ్గింది, బరువు తగ్గించడమే ఇప్పుడు వాటి ప్రధాన ఉపయోగం. అతిగా తొలిచిన పలుచని ఫ్రేమ్ రాతి మీద పడితే వంగవచ్చు, వంగిన ఫ్రేమ్‌లో స్పూల్ రాసుకుంటుంది. కొనేటప్పుడు స్పూల్‌ను తిప్పుతూ అంచును గమనించండి. ఊగినా, ఎక్కడైనా పట్టినా ఆ రీల్ వద్దు. చివరగా, రీల్ పాదం (రాడ్‌కు బిగించే అడుగు పట్టీ) మీ రాడ్ రీల్ సీటులో గట్టిగా కూర్చుంటుందో లేదో అంగడిలోనే బిగించి చూడండి, ముఖ్యంగా చిన్న రాడ్లకు వాడే జారుడు ఉంగరాలు కొన్ని పాదాలను సరిగా పట్టవు.