నంబరు 261 కంటే ముందు ఒక ఉత్తరం ఉంది

అమెరికాలో బోస్టన్ మారథాన్ జరిగే ఏప్రిల్ మూడో సోమవారం దగ్గరపడితే చాలు, ఆ ఫొటో మళ్లీ మన ఫోన్లలోకి వచ్చేస్తుంది. ఛాతీ మీద 261 అంకెతో ఒక అమ్మాయి, ఆమె మీద పడి లాగుతున్న కోటు పెద్దమనిషి, ఆయన్ని పక్కకు నెట్టేస్తున్న బలిష్ఠమైన కుర్రాడు. కింద ఒకటే వ్యాఖ్య: ‘బోస్టన్ మారథాన్ పరుగెత్తిన తొలి మహిళ’. అది చూసి ఎవరో ఒకరు ‘కాదు, అంతకు ఏడాది ముందే ఇంకొకామె పరుగెత్తింది’ అంటారు. ‘ఆమెకు నంబరు లేదుగా, లెక్కలోకి ఎలా వస్తుంది?’ అని ఇంకొకరు. గొడవంతా ఆ నంబరు దగ్గరే ఉంది. ఆ నంబరు ఎవరికి ఎందుకు దక్కలేదో తెలిస్తే తప్ప ఈ గొడవ తేలదు.

ఫొటోలోని కథ చాలామందికి తెలిసిందే కాబట్టి దాన్ని ఇక్కడ సాగదీయడం లేదు. 1967 ఏప్రిల్ 19. సిరక్యూస్ యూనివర్సిటీ విద్యార్థిని కాథరిన్ స్విట్జర్‌కు అప్పుడు 20 ఏళ్లు. దరఖాస్తు మీద ‘కె.వి. స్విట్జర్’ అని సంతకం పెట్టింది, నంబరు వచ్చింది. పరుగు మొదలైన కాసేపటికే నిర్వాహకుల్లో ఒకరైన జాక్ సెంపుల్ ఆ నంబరు పీకేయాలని మీదికి దూకాడు. పక్కనే పరుగెత్తుతున్న ఆమె స్నేహితుడు టామ్ మిల్లర్ ఆయన్ని ఒక్క తోపు తోశాడు. ఇదంతా విలేకరుల ట్రక్కు ఎదురుగానే జరిగింది కాబట్టి కెమెరాలన్నీ పట్టేశాయి. ఆమె ఆగలేదు, దాదాపు 4 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేసింది.

అదే రోజు, అదే దారిలో, స్విట్జర్ కంటే దాదాపు గంట ముందు ఇంకో మహిళ బోస్టన్ చేరింది. ఆమె సమయం 3 గంటల 27 నిమిషాల 17 సెకన్లు. పేరు రాబర్టా గిబ్, అందరూ బాబీ అంటారు. ఆమెకు అది రెండోసారి. ఆమె ముందు ఏ ట్రక్కూ లేదు, ఆమెను ఎవరూ లాగలేదు. అందుకే ఆ ఫొటోలో ఆమె లేదు.

నా దృష్టిలో మొత్తం వివాదాన్ని విప్పి చెప్పేది 1967 నాటి తోపులాట కాదు, అంతకు ఏడాది ముందు, 1966 ఫిబ్రవరిలో వచ్చిన ఒక ఉత్తరం.

గిబ్ పుట్టి పెరిగింది బోస్టన్ పరిసరాల్లోనే. 1964లో తండ్రితో కలిసి ఈ పరుగు చూడ్డానికి వెళ్లింది. అంతమంది మనుషులు మాటామంతీ లేకుండా ఒకే ఊపుతో సాగిపోవడం చూసి, నేనూ ఇందులో పరుగెత్తాలి అనుకుంది. అందులో ఆడవాళ్లు లేరన్న సంగతి ఆమె మనసుకు తట్టనే లేదు. రెండేళ్లు సొంతంగా సాధన చేసింది. కోచ్ లేడు. ఆడవాళ్ల కొలతలకు పరుగు బూట్లు దొరికేవి కావు కాబట్టి మొదట్లో నర్సులు వేసుకునే తెల్ల బూట్లతోనే పరుగెత్తింది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఉంటూ, తన పూర్తి పేరుతో, పద్ధతి ప్రకారం దరఖాస్తు పంపమని అడిగింది.

నిర్వాహకుడు విల్ క్లోనీ జవాబిచ్చాడు. అంత దూరం పరుగెత్తే శక్తి స్త్రీ శరీరానికి లేదు, పైగా అప్పట్లో అమెరికాలో పరుగు పోటీలకు నిబంధనలు పెట్టే అమెచ్యూర్ సంఘం లెక్క ప్రకారం ఆడవాళ్లు పోటీలో ఒకటిన్నర మైలుకు మించి పరుగెత్తడానికి వీల్లేదు, అన్నది దాని సారాంశం. ఒకటిన్నర మైలు అంటే రెండున్నర కిలోమీటర్లు కూడా కాదు. మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అప్పటికే ఆమె ఆ దూరాలన్నీ పరుగెత్తేసిన మనిషి.

‘ఆమెకు నంబరు లేదుగా’ అనేవాళ్లు ఈ ఉత్తరం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నంబరు లేకపోవడం ఆమె నిర్లక్ష్యం కాదు. ఆమె అడిగింది, ఆడదానివని చెప్పి వాళ్లు కాదన్నారు. మరుసటి ఏడాది నంబరు వచ్చింది ఆడామె అని తెలియని సంతకానికి. స్విట్జర్ ఏదో మోసం చేసిందని నేను అనడం లేదు. తాను ఎప్పుడూ అలాగే పొడి అక్షరాలతో సంతకం చేస్తానని ఆమె చెప్పింది, దరఖాస్తులో ఆడా మగా అన్న గడే లేదు, బోస్టన్ మారథాన్ సొంత రాత నిబంధనల్లో ఎక్కడా ఆడవాళ్లు రాకూడదని లేదు. అదంతా నిజమే. కానీ పూర్తి పేరు పెట్టి తలుపు తట్టినామె ముఖం మీదే తలుపు వేసి, ఆ తలుపు బయటే ఉండిపోయిందని ఇప్పుడు ఆమెను లెక్కలోంచి తీసేస్తామా?

గిబ్ మూడు రోజులకు పైగా బస్సులో కూర్చుని దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వచ్చింది. పిచ్చిపట్టిందా అన్నాడు తండ్రి. 1966 ఏప్రిల్ 19న తల్లి కారులో తీసుకెళ్లి, పరుగు మొదలయ్యే హాప్కింటన్ ఊళ్లో దింపింది. లోపల నల్లటి ఈత దుస్తులు, పైన తమ్ముడి నిక్కరు, దాన్ని నడుముకు బిగించి కట్టుకున్న తాడు, టోపీని తల మీదికి లాక్కున్న హుడ్ స్వెటర్, కాళ్లకు మగపిల్లల బూట్లు. ఆ రోడ్డు పక్క పొదల్లో దాక్కుని, తుపాకీ పేలి సగం మంది వెళ్లిపోయాక మెల్లగా గుంపులో కలిసింది.

వెనక వస్తున్న మగవాళ్లు కాసేపట్లోనే పోల్చుకున్నారు. ఆమె భయపడింది వాళ్లకే. కానీ వాళ్లు సంతోషించారు. ఉక్కపోస్తోంది, ఆ స్వెటర్ తీసేస్తే నన్ను గెంటేస్తారేమో అని ఆమె అంటే, ఎవరినీ గెంటనివ్వం అన్నారు. ఆమె స్వెటర్ విసిరేసింది. అమ్మాయి పరుగెత్తుతోందన్న కబురు ఆమె కంటే ముందు పరుగెత్తింది. సగం దూరంలో వెల్స్లీ మహిళా కళాశాల ఉంటుంది. అక్కడి అమ్మాయిలు ఆమె ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నారు, వచ్చాక కేకలతో రోడ్డు దద్దరిల్లించారు. ఆ అమ్మాయిల్లో ఒకరైన డయానా చాప్‌మన్ వాల్ష్ తర్వాతి కాలంలో అదే కళాశాలకు అధ్యక్షురాలైంది.

చివరి మైళ్లలో కొత్త బూట్లు కాళ్లను బొబ్బలెక్కించాయి. నీళ్లు తాగితే కడుపు పట్టేస్తుందన్న అప్పటి నమ్మకంతో దారంతా ఒక్క గుక్క తాగలేదు. అయినా 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో చేరింది. ఆ రోజు పరుగెత్తినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆమె వెనకే ఉన్నారు. మసాచుసెట్స్ గవర్నర్ జాన్ వోల్పీ స్వయంగా వచ్చి చేయి కలిపాడు. తర్వాత తోటి పరుగువీరులతో కలిసి, పరుగయ్యాక అందరికీ పెట్టే భోజనానికి వెళ్లింది. తలుపు దగ్గరే ఆపేశారు, లోపలికి మగవాళ్లకే ప్రవేశం అన్నారు.

1967లో స్విట్జర్ సంఘటన తర్వాత అమెచ్యూర్ సంఘం చేసిన పని చూడండి. ఆమెను సంఘం నుంచి తీసేసింది, మగవాళ్లతో కలిసి పోటీల్లో పరుగెత్తితే ఆడవాళ్ల అర్హతలు రద్దవుతాయని చెప్పింది. అంటే 261 నంబరును సంఘం ఆనాడూ గుర్తించలేదు. ‘అధికారికం’ అన్న మాటను నిక్కచ్చిగా పట్టుకుంటే, బోస్టన్‌లో ఆడవాళ్ల పోటీ మొదలైంది 1972లో. ఆ ఏడు ఎనిమిది మంది పరుగెత్తారు, ఎనిమిది మందీ పూర్తి చేశారు. గెలిచింది నీనా కుషిక్. స్విట్జర్ కూడా ఆ ఎనిమిది మందిలో ఉంది. కాబట్టి ‘అధికారిక తొలి మహిళ’ అన్న బిరుదు ఇవ్వాలంటే నీనాకే ఇవ్వాలి. ఆమె ఫొటో మాత్రం ఎవరూ పంపరు.

బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్‌కు తన తప్పు దిద్దుకోవడానికి 30 ఏళ్లు పట్టింది. నూరవ మారథాన్ జరిగిన 1996లో గిబ్‌ను 1966, 67, 68 సంవత్సరాల మహిళా విజేతగా, సారా మే బెర్మన్‌ను తర్వాతి మూడేళ్ల విజేతగా గుర్తించి, పేర్లు రికార్డుల్లోకి ఎక్కించింది. ‘నంబరు లేదుగా’ అన్న వాదనకు ఆ పోటీ నడిపే సంస్థే జవాబిచ్చి దాదాపు మూడు దశాబ్దాలైంది.

స్విట్జర్ పని చిన్నదేమీ కాదు. 1974లో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. ఆ తర్వాత సౌందర్య సాధనాల కంపెనీ ఏవన్ తరఫున దేశదేశాల్లో మహిళల పరుగులు పెట్టించింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ చేర్చాలన్న ఒత్తిడికి ఆ పరుగులు బలమిచ్చాయి. తనపై దూకిన సెంపుల్‌తోనూ తర్వాత రాజీపడింది.

ఒలింపిక్స్‌లో ఆ మారథాన్ 1984లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చింది. దానికి ముందు జరిగిన అమెరికా ఎంపిక పోటీలో మొదటి ముగ్గురికీ కంచు ప్రతిమలు బహూకరించారు. జడ కట్టుకుని పరుగెత్తే అమ్మాయి బొమ్మలవి. చేసింది బాబీ గిబ్. ఆమె శిల్పి కూడా. మొదటి ప్రతిమ అందుకున్న జోన్ బెనాయ్ కొద్ది నెలల్లోనే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది.

2016లో, గిబ్ పరుగుకు 50 ఏళ్లు నిండిన రోజుల్లో, ఇథియోపియాకు చెందిన అట్సెడె బైసా బోస్టన్ గెలిచింది. గెలిచిన కప్పును తీసుకెళ్లి గిబ్ చేతుల్లో పెట్టింది. 2021 అక్టోబరులో హాప్కింటన్‌లో ఒక నిలువెత్తు కంచు విగ్రహం ఆవిష్కరించారు. తమ్ముడి నిక్కరు వేసుకుని, నంబరు లేకుండా పరుగెత్తుతున్న అమ్మాయి అది. దాన్ని మలిచింది కూడా గిబ్ చేతులే.